కొట్టంలో పాతిన గొట్టం

కోయిలకుంట్లకు ఆరేడు మైళ్ళ దూరంలో, కుందూ నదికి దగ్గరగా, నల్లరేగడి చేల నడుమ మా అమ్మమ్మగారి ఊరున్నది. ఆ ఇంటి వెనుక పశువుల కొట్టంలో, గాటికి ఎడమ పక్కన, నేలలో పాతిన ఇనుప గుంజ ఒకటి ఉండేది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఎనుములను దానికే కట్టేవారు. పైకొస నోరు తెరుచుకొని, లోపలంతా బోలుగా ఉండేది. చిన్నతనంలో ఆ నోట్లో గోలీలు వేసి, అవి తిరిగి రాక, అవ్వ దగ్గరికి వెళ్ళి ఏడ్చిన జ్ఞాపకం నాకున్నది. "ఎనుము మింగిందైతే నెమరుకన్నా వస్తాది, గూటం మింగింది యాడ వస్తాదిరా" అని అవ్వ నవ్వేది.

2011 సంక్రాంతికి వెళ్ళేసరికి కొట్టాన్ని పడగొట్టే ఏర్పాట్లు జరుగుతున్నాయి. గాడిపట్టెలు, కీళ్ళూడిన తలుపు, విరిగిన గొర్రు, వాటితోబాటు మా ఇనుప గుంజ కూడా పాత ఇనుము కొనేవాడి కోసం ఒక మూలకు చేరింది. నేలలో మూరన్నర లోతున ఉన్న భాగం బయటపడి కనబడడం అదే మొదలు. అడుగున లావుగా, పైకి వచ్చేకొద్దీ సన్నబడుతూ, మళ్ళీ నోటి దగ్గర ఉల్లిగడ్డలాగా కొంచెం ఉబ్బినది. పలుపు పైకి జారిపోకుండా ఆపినది ఆ ఉబ్బే. అడుగుకొస నుంచి రెండంగుళాల పైన, ఒక పక్కన, పెసరగింజ పట్టేటంత బెజ్జం. అది చూశాక అనుమానానికి తావు లేదు. మేము ఎనుములను కట్టినది తుపాకి గొట్టానికి. నాలుగడుగుల పది అంగుళాల పొడవున్న వత్తి తుపాకి గొట్టం.

ఈ తుపాకులలో మందునూ గుండునూ మూతి నుంచే పోసి, గజం అనే ఇనుప కడ్డీతో దట్టించేవారు. పక్కనున్న బెజ్జం దగ్గర చిటికెడు రంజకం పోసి, నిప్పంటించిన వత్తిని దానికి తాకించేవారు. రంజకం భగ్గుమని, ఆ నిప్పు బెజ్జంలోంచి లోపలి మందుకు చేరేది. తుపాకి అన్న మాట తురుష్కుల నుంచి, ఫిరంగి అన్నది ఫ్రాంకుల పేరు మీదుగా మనకు వచ్చినవని పండితులు చెబుతారు. మాటలు పరాయివే గాని వస్తువు మాత్రం త్వరగానే మనదైపోయినది. 1520లో కృష్ణదేవరాయలు రాయచూరు కోటను ముట్టడించినప్పుడు, కోటగోడ మీద తల ఎత్తిన వారిని పోర్చుగీసు తుపాకిగాళ్ళు గురిచూసి కొట్టారని న్యూనిజ్ రాశాడు. ఆ తరువాత రెండు మూడు వందల ఏళ్ళలో పాలెగాళ్ళ కొలువులో కావలివాడి భుజాన వత్తి తుపాకి ఉండడం ఈటె ఉన్నంత సహజమైపోయినది.

ఊళ్ళో ఈ సంగతి పొక్కగానే, అది ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తుపాకి అని తేల్చేశారు. కోయిలకుంట్ల చుట్టుపక్కల పాత ఇనుప ముక్క ఏది దొరికినా ఆయన ఖాతాకే పోతుంది. ఆయన కోయిలకుంట్ల ఖజానా మీద పడినది 1846లో, ఆయనను ఉరి తీసినది 1847 ఫిబ్రవరిలో. ఆ ఆవేశాన్ని నేను తక్కువ చేయను గాని, ఒక గొట్టానికి ఒక వీరుణ్ణి అంటగట్టడానికి అది ఆ ఊరి దగ్గర దొరకడం చాలదు. ఈ సీమలో తుపాకులకు ఎప్పుడూ కొరత లేదు. 1800లో నిజాము ఈ జిల్లాలను కుంపిణీకి దత్తం చేశాక, మన్రో దొర మొదట చేసిన పనులలో ఒకటి పాలెగాళ్ళ బలగాలను చెదరగొట్టడం. 1839లో కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్ కోటలో ఇంగ్లీషువాళ్ళు సోదా చేస్తే, ఒక చిన్న నవాబుకు అక్కరకు మించిన ఆయుధసామగ్రి అంతఃపురంలో సహా బయటపడినది. ఇక 1878 ఆయుధాల చట్టం వచ్చాక లైసెన్సు లేకుండా తుపాకి ఇంట్లో పెట్టుకోవడమే నేరమైపోయినది. మా గొట్టం వీటిలో ఏ గాలివానకు కొట్టంలోకి వచ్చిపడినదో గాని, కొయ్య మడమను పొయ్యిలో పెట్టి ఇనుమును గుంజగా పాతేసినవాడు తెలివైనవాడు. ఇల్లంతా సోదా చేసే బంట్రోతు కూడా ఎనుమును పక్కకు తోలి గుంజను పరీక్షించడు గదా!

తరువాత నేను చేసిన పని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నది. తుప్పు తీసేస్తే అసలు రూపం బయటపడుతుందన్నది నా ఆనాటి నమ్మకం. మా మామ కొడుకు పక్కింటి నుంచి కరెంటు గ్రైండరు తెచ్చాడు. దానికి ఉక్కుతీగల కుంచె బిగించి, అడుగుకొసకు మూరన్నర పైన, సరిగ్గా నేలమట్టానికి పైనున్న భాగంలో పెట్టాను. మతాబు వెలిగించినట్లు నిప్పురవ్వలు చిమ్మాయి. అయిదు నిమిషాలలో జానెడు మేర తెల్లగా, వెండిలాగా మెరిసిపోయినది. చుట్టూ చేరిన పిల్లలు చప్పట్లు కొట్టారు. నేనూ మురిసిపోయాను.

సాయంత్రం ఊరి కమ్మరి వచ్చాడు. ఎనభయ్యేళ్ళ మనిషి, కొలిమి మానేసి చాలా కాలమైనది. ఆయన మెరుస్తున్న భాగం వైపు చూడలేదు. తుప్పుపట్టిన భాగం మీద తడిగుడ్డతో తుడిచి, గొట్టాన్ని సంజెవెలుగుకు అడ్డంగా పట్టి, "నాయనా, దీని నార చూడు" అన్నాడు.

"ఇనుముకు నారేమిటి తాతా?" అన్నాను.

"కట్టెకున్నట్టే. ఈ ఇనుము సుట్టింది. మోకు పేనినట్టు పేనినారు. నువ్వు నున్నగా చేసిన కాడ ఏం కనపడతాది? ఏం కనపడదు."

నిజమే. తుప్పు తిన్న చోట సన్నటి గీతలు, గొట్టం పొడవునా నిలువుగా గాక, తాడు పురిలాగా ఏటవాలుగా చుట్టుకొని పోతున్నాయి. ఇది ఎందుకు కనబడుతుందో తరువాత చదివి తెలుసుకున్నాను. పాత కాలంలో ఇనుపరాయిని బొగ్గుల కొలిమిలో కరగనీయకుండానే కాల్చి, వచ్చిన ముద్దను సమ్మెటలతో బాది ఇనుము తీసేవారు. ఎంత బాదినా చిట్టెం కొంత లోపల ఉండిపోయి, ఇనుమును సాగదీసినప్పుడు అదీ దారాలుగా సాగేది. తుప్పు ఇనుమును తింటుంది గాని చిట్టెపు దారాలను అంత సులువుగా తినలేదు. అందుకని నూరేళ్ళు తుప్పుపట్టిన పాత ఇనుము చెదలు తిన్న టేకు చెక్కలాగా నారలు తేలి కనబడుతుంది. ఆ నార ఎటు పోతుందో చూస్తే కమ్మరి చెయ్యి ఎటు తిరిగిందో తెలుస్తుంది.

ఇదే పనిని అబుల్ ఫజల్ అయినీ అక్బరీలో వర్ణించాడు. అంతకు ముందు ఇనుపరేకును గొట్టంగా వంచి అంచుకు అంచు అతికేవారట. పేలినప్పుడు ఆ అతుకే విచ్చుకొని కాల్చేవాడి ప్రాణం తీసేది. అక్బరు కార్ఖానాలలో ఇనుపరేకును ఏటవాలుగా చుట్టలు చుట్టి, చుట్ట అంచు మీదికి చుట్ట అంచు వచ్చేటట్లు పెట్టి, మెల్లమెల్లగా కాల్చి అతకడం మొదలుపెట్టారని ఆయన రాశాడు. అతుకు పొడవునా ఒకే గీతలో లేకపోవడం వల్ల విచ్చుకోవడానికి దారి ఉండదు. దీనిని చక్రవర్తి స్వయంగా కనిపెట్టాడన్న మాటను ఆస్థానచరిత్రకారుడి విధేయతగా తీసుకోవచ్చు. అక్బరుకూ మా కొట్టానికీ చుట్టరికం కలపడం నా ఉద్దేశం కాదు. ఆగ్రాలో చక్రవర్తి కోసం చేసిన పనినే ఏదో ఊళ్ళో ఒక కమ్మరి, పేరు లేకుండా, రెండు చేతులతో చేశాడని చెప్పడమే. అదే గ్రంథంలో ఇంకొక చక్కని సంగతి ఉన్నది. ఆవును కట్టి తిప్పే చక్రం ఒకటి ఉండేదట, దానితో ఒక్కసారే పదహారు తుపాకి గొట్టాలు శుభ్రమయ్యేవట! గొట్టానికీ పశువుకూ ఉన్న సంబంధం మా కొట్టంతో మొదలు కాలేదన్నమాట.

మిత్రుడొకరు ఈ గొట్టం ఊట్జ్ ఉక్కుది అయి ఉంటుందని ఉత్సాహపడ్డాడు. నిజామాబాదు దగ్గరి కోనసముద్రంలో ఆ ఉక్కు చేసేవారనీ, దానికోసం పారశీక వర్తకులు అంత దూరం వచ్చేవారనీ వోయిసీ రాసినది చదివాను. ఆ కీర్తి నిజమైనదే. కాని అది కత్తుల ఉక్కు, కరుకుది. తుపాకి గొట్టానికి కావలసినది కరుకుతనం కాదు, దెబ్బ తగిలితే పగలకుండా సాగే మెత్తదనం. మా గొట్టం మామూలు మెత్తని ఇనుము. మన దగ్గర దొరికిన ప్రతి పాత ఇనుమునూ ఊట్జ్ అనడం, ప్రతి పాత తుపాకినీ నరసింహారెడ్డిది అనడం లాంటిదే.

వెళ్ళేముందు కమ్మరి తాత ఒక సలహా ఇచ్చాడు. "రేపు కొలిమి రాజేస్తా. ఎర్రగా కాలిస్తే తుప్పు పెచ్చులు పెచ్చులుగా ఊడిపోతాది." నాకు మరునాడు తెల్లవారితే హైదరాబాదు బస్సు. అందువల్ల కాల్చలేదు. గొట్టాన్ని గోనెపట్టాలో చుట్టి వెంట తెచ్చి, మంచం కింద పెట్టాను. రెండేళ్ళు అక్కడే ఉన్నది. మంచానికి అవతలి గోడ వంటింటిది.

2013 జనవరిలో ఒక వార్త చదివాను. న్యూయార్కు సెంట్రల్ పార్కువారి దగ్గర పద్దెనిమిదో శతాబ్దపు ఫిరంగి ఒకటున్నది. 1780లో మునిగిపోయిన హుస్సార్ అనే ఇంగ్లీషు యుద్ధనౌకది అంటారు. ఎన్నో ఏళ్ళు జనం మధ్య ప్రదర్శనలో ఉండినది. పనివాళ్ళు దానికి తుప్పు తీస్తూ లోపలికి చూస్తే, గుండూ దాని వెనుక మందూ దట్టించినవి దట్టించినట్లే ఉన్నాయి. పోలీసులు వచ్చి మందును తీసుకుపోయారు. అంతకు అయిదేళ్ళ ముందు, 2008లో, అమెరికాలోనే వర్జీనియాలో ఒక సేకర్త అంతర్యుద్ధం నాటి ఫిరంగి గుండును శుభ్రం చేస్తుండగా అది పేలి చనిపోయాడు.

నేను గ్రైండరు నిప్పురవ్వలు, చుట్టూ చేరిన పిల్లలు, కొలిమి సలహా, మంచం, వంటింటి గోడ, అన్నిటినీ వరసగా తలచుకున్నాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

నల్లమందులో నాలుగింట మూడు వంతులు సూరేకారం. మిగిలిన వంతులో బొగ్గు ఎక్కువ, గంధకం తక్కువ. పొడిగా ఉంటే దానికి వయసు లేదు, నూరేళ్ళయినా నిప్పు తగిలితే అంటుకుంటుంది. (మందు అన్న మాటకు తెలుగులో మూడర్థాలున్నాయి. మూడింటిలోనూ మోతాదు తెలియకపోతే ప్రమాదమే.) పాత గొట్టం దట్టించి ఉన్నదో లేదో తెలుసుకోవడానికి ఒక సులువు ఉన్నది. మూతి నుంచి సన్నని కర్రను అడుగుదాకా పోనిచ్చి, మూతి దగ్గర గుర్తు పెట్టి, ఆ కర్రను బయట గొట్టం పక్కన ఆనించి చూడాలి. కర్ర కొస రంజకపు బెజ్జం దాకా వస్తే గొట్టం ఖాళీ. రాకపోతే మధ్యలో ఏదో ఉన్నది. నా వెదురుబద్ద బెజ్జానికి మూరెడు దూరంలోనే ఆగిపోయినది.

తెలిసిన వకీలును అడిగాను. 1959 ఆయుధాల చట్టంలో 45వ సెక్షను, కాలం చెల్లిన నమూనాదైనా పురాతనవస్తువైనా, బాగుచేసినా చేయకపోయినా తుపాకిగా వాడడానికి వీలులేని దానికి మినహాయింపు ఇస్తుందని చెప్పాడు. మా గొట్టానికి మడమ లేదు, యంత్రం లేదు, అడుగు బిరడా పక్కన వేలు పట్టేటంత మేర నేల తినేసినది. పిచ్చుకను కూడా కొట్టలేదు. అయినా లోపల ఉన్నది తేలేదాకా దానిని ఇంట్లో ఉంచడం నావల్ల కాలేదు. ఊరికే తిరిగి తీసుకుపోయి, పెరట్లో వాడుకలో లేని సిమెంటు తొట్టిలో నీళ్ళు నింపి ముంచాను. సూరేకారం నీళ్ళలో కరిగిపోతుంది. సూరేకారం పోయిన మందు తడిబొగ్గు మాత్రమే. ఇనుము మళ్ళీ తుప్పుపట్టకుండా నీళ్ళలో చాకలిసోడా కలిపాను. వారానికొకసారి నీళ్ళు మార్చడం మా మామ పని.

నెల దాటాక, వేసవిలో వెళ్ళి, తడి ఆరనీయకుండానే, గొట్టాన్ని వాలుగా పెట్టి, మూతికి ఎదురుగా ఎవరూ లేకుండా చూసి, వెదురుబద్దతో లోపలి మట్టిని కొంచెం కొంచెంగా కదిలించి తీశాను. మొదట గడ్డితో కలిసిన నల్లమట్టి వచ్చినది. తరువాత రెండు గాజు గోలీలు దొర్లుకుంటూ వచ్చాయి. ఒకటి ఆకుపచ్చది. నావే! ముప్పయ్యేళ్ళ నాటి ఏడుపు ఒక్కసారి గుర్తుకొచ్చి నవ్వు ఆగలేదు. ఆ నవ్వు పూర్తి కాకముందే, ఇంకా లోపలి నుంచి, పీచులాంటి ముద్ద ఒకటి, దాని వెనుక తెల్లటి పొర కప్పిన బరువైన గుండ్రని వస్తువు బయటికొచ్చాయి. గోటితో గీకితే నీలిబూడిదరంగు మెరుపు. సీసపు గుండు. దాని వెనుక నల్లటి బురద, దోసిట్లో సగం.

అంటే దానిని దట్టించిన తుపాకిగానే తెచ్చి నేలలో పాతారు. మందు అప్పటికే చాలా వరకు చచ్చి ఉండవచ్చు, అడుగు తూటు నుంచి తడి చేరినది గదా. కాని తొట్టిలో ముంచేదాకా ఆ మాట ఎవరు చెప్పగలరు? దట్టించిన తుపాకిని కాల్చి ఖాళీ చేసుకోవడానికి ఒక్క క్షణం చాలు. ఆ చప్పుడు ఊళ్ళో ఎవరికీ వినబడకూడదని అనుకున్నవాడే దానిని అట్లా పాతి ఉంటాడని నాకనిపిస్తుంది. మూతి పైకి పెట్టి, ఎనుము ముఖానికి మూరెడు దూరంలో, ఇన్నేళ్ళు.

ఇంత తుప్పు ఎందుకన్నదానికి కూడా తొట్టి నీళ్ళే జవాబు చెప్పాయి. తుపాకి పేలినప్పుడు మందులో సగానికి పైగా వాయువుగా మారక, తెల్లటి క్షారాలుగా మారి, కొంత పొగలో పోయినా కొంత గొట్టంలోనే మిగిలిపోతుంది. అవి గాలిలోని తేమను లాగి ఇనుమును తింటాయి. అందుకే ఆనాటి సిపాయి కాల్చిన నాడే వేడినీళ్ళతో గొట్టం కడగాలి. ఇది లోపలి సంగతి. బయట తిన్నది కొట్టపు నేల. పశువుల మూత్రం, పేడ ఇంకిన నేలలోనే సూరేకారం పుడుతుంది. వెనుకటి కాలంలో అట్లాంటి మట్టిని వడగట్టి, కాచి, దానిని తీసేవారు. ఏ నేలలో తుపాకికి తిండి పుడుతుందో ఆ నేలలోనే తుపాకిని పాతితే, ఆ నేలే దానిని తిన్నది. మూత్రంలోని ఉప్పు మరీ మొండిది. తుప్పు పొరల లోపల దాక్కొని, ఎంత తుడిచి పెట్టినా వానాకాలంలో మళ్ళీ గోధుమరంగు చెమటబొట్లుగా పైకి వస్తుంది. రసాయనశాస్త్రం చెప్పే మిత్రుడొకడు వెండి నైత్రేతం ద్రావణం ఒక చిన్న సీసాలో ఇచ్చాడు. తొట్టి నీటిబొట్టులో నత్రికామ్లం కలిపి, ఆ ద్రావణం వేస్తే, ఉప్పున్నంత కాలం పాలు కలిసినట్లు తెల్లబడుతుంది. నీళ్ళు తెల్లబడడం మానడానికి ఇంకా నాలుగు నెలలు పట్టినది.

తుప్పు తీయడానికి మార్గాలు చాలా ఉన్నాయి. సోడానీళ్ళలో బాటరీ కరెంటు పంపి తుప్పును వదిలించేవారున్నారు. చింతపండు, వెనిగరు, ఇంకా ఘాటైన ఆమ్లాలు వాడేవారున్నారు. ఎర్రతుప్పు పట్టిన గొట్టాన్ని మరిగే నీళ్ళలో ఉడికించి, ఆ తుప్పునే నల్లటి గట్టిపొరగా మార్చేవారున్నారు. ఇది తుపాకులు బాగుచేసేవారి పాత పద్ధతి. వీటన్నిటి మధ్య నాకు దారి చూపినది, పురావస్తువులను భద్రపరిచే వృత్తిలో ఉన్న ఒక పెద్దమనిషి చెప్పిన ఒకే ఒక్క సంగతి. మట్టిలో చాలాకాలం ఉన్న ఇనుపవస్తువుకు అసలు చర్మం లోపలి ఇనుము మీద ఉండదు, తుప్పులోనే ఉంటుంది. ఇనుము బయటినుంచి లోపలికి తుప్పుగా మారుతూ పోతుంది. ఒకప్పటి పైతలం ఎక్కడ ఉండేదో, అక్కడ తుప్పులోనే ఒక పలుచని, గట్టి, ముదురురంగు పొర మిగులుతుంది. దాని పైనున్నది మట్టీ, ఉబ్బిన తుప్పూ. దాని కిందిది కూడా తుప్పే. కమ్మరి చెక్కిన గీత గాని, అక్షరం గాని ఉంటే ఆ పొర మీదే. లోపలి ఇనుము దాకా శుభ్రం చేసినవాడు వస్తువును ఒలిచి గింజ పారేసి తొక్క దాచుకున్నవాడు. కాదు కాదు, ఇక్కడ తొక్కే గింజ.

ఆ మాట వినగానే నా జానెడు మెరుపు గుర్తుకొచ్చినది.

తరువాతి పనంతా చిన్న చాకుతో, వెదురుపుల్లతో, పళ్ళు తోముకునే కుంచెతో జరిగినది. సెలవు దొరికినప్పుడల్లా ఊరికి వెళ్ళి, వసారాలో కూర్చొని, భూతద్దం కింద రోజుకు రెండు మూడంగుళాల చొప్పున. పైనున్న పొక్కుతుప్పు పొడిపొడిగా రాలిపోతుంది. ముదురుపొర తగలగానే చాకు చప్పుడు మారుతుంది, ఇసుక మీద గీసినట్లున్నది పలక మీద గీసినట్లవుతుంది. అక్కడ ఆగాలి. ఆగడం నేర్చుకోవడానికే నాకు మొదటి నెల పట్టినది.

మిగిలిన పొరకు టానిక్ ఆమ్లం నీళ్ళలో కలిపి పూశాను. అది తుప్పుతో కలిసి నీలినలుపు రంగు గట్టిపదార్థమవుతుంది. ఇది కొత్త విద్యేమీ కాదు. కరక్కాయ కషాయంలో అన్నభేది కలిపి మన పెద్దలు సిరా చేసుకున్నది ఇదే సూత్రంతో. కరక్కాయలోని వగరూ అన్నభేదిలోని ఇనుమూ కలిసి నలుపవుతాయి. మా అవ్వ నా సీసా వాసన చూసి "కరక్కాయ కంపు" అనేసినది. గొట్టం మొత్తాన్ని సిరాతో తడిపినట్లే అయినది. ఆరాక, ఏటవాలు నార గొట్టం చుట్టూ పురి తిరిగి, కమ్మరి తాత చూపించినదానికి పదింతలు స్పష్టంగా కనబడినది.

అక్షరాలు కనబడినది మరునాటి పొద్దున. వసారాలోకి ఎండ ఏటవాలుగా పడుతుండగా, గ్రైండరు పెట్టిన చోటికి కొంచెం కింద, రంజకపు బెజ్జం ఉన్న వైపు, ఉలితో కొట్టిన సన్నని గాట్లు నీడలు వేశాయి. గుడిదీర్ఘం, రవత్తు. "శ్రీ". తెలుగు శ్రీ. దాని పైన, మూతివైపుగా, "రా". దాని పైన ఇంకొక అక్షరం మొదలై, ఒక వంపు తిరిగి, నా తెల్లటి ఇనుములోకి వెళ్ళి మాయమైపోయినది. జానెడు దాటాక, ఆ మెరుపుకు అవతలి అంచున, ఒక తెలుగు అంకె తోక. అది రెండో, మూడో.

అయినీ అక్బరీలో, గొట్టం మీద ఇనుము ఎక్కడిదో, చేసినవాడెవరో, ఏ ఊళ్ళో ఏనాడు చేశారో, ఎన్నోదో చెక్కేవారని ఉన్నది. మా గొట్టం మీదా ఆ "శ్రీ"కీ ఆ అంకెకూ మధ్య అట్లాంటిదే ఏదో ఉండి ఉంటుంది. దేవుడి పేరో, దొర పేరో, కమ్మరి పేరో, ఊరో, సంవత్సరమో. జానెడు జాగాలో పది పన్నెండు అక్షరాలు పడతాయి. నేల తడికి, ఉప్పుకు, ఎనుముల రాపిడికి అవి చెక్కుచెదరలేదు. నా చేతిలో అయిదు నిమిషాలు నిలవలేదు. ఎక్సురే తీస్తే ఏమైనా తెలుస్తుందేమోనని ఆ పెద్దమనిషిని అడిగాను. తుప్పు ఉంటే తెలిసేది, తుప్పే లేనప్పుడు ఎక్సురే దేనిని చూడాలి అన్నాడు.

ఆ జానెడును నల్లగా మార్చి మిగతాదానిలో కలిపేయమని కొందరు సలహా ఇచ్చారు. ఒప్పుకోలేదు. దాని మీద మైనం మాత్రం పూసి, తెల్లగానే ఉంచాను. మూతి దగ్గర పలుపు ఒరిసి పడిన నొక్కును కూడా అట్లాగే ఉంచాను. గొట్టం తుపాకిగా బతికినది ఎన్నాళ్ళో గాని, గుంజగా బతికినదే ఎక్కువని నా లెక్క.

పని పూర్తయిన రోజున దానిని అవ్వ దగ్గరికి తీసుకుపోయాను. అప్పటికే ఆమెకు చూపు బాగా తగ్గినది. ఒళ్ళో పెట్టుకొని రెండు చేతులతో తడుముతూ పోయినది. మూతి దగ్గర నొక్కు తగలగానే చెయ్యి ఆగినది. "ఇది గాటి పక్క. ఎనుము ఇట్లా గుంజేది" అని, పలుపు ఎటు లాగేదో చేత్తో చూపించినది. తరువాత కిందికి తడుముకుంటూ వచ్చి, నున్నటి జానెడు దగ్గర మళ్ళీ ఆగి, "ఈడేమైందిరా?" అని అడిగినది.

చెప్పాను.

"గోలీలన్నా దొరికినాయి గదా" అన్నది.